గంటా నలభై నిమిషాలు

ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో
గుర్తు కోసం పెట్టుకుంది సూరాడ హారతి
ఒక అట్టముక్క.
అహ్మదాబాద్ నుంచి విశాఖపట్నం,
సీటు ఇరవైమూడు ఎఫ్,
పేరు సూరాడ దానయ్య.
"మా అయ్యదండి" అంది.
అట్ట మూల చేపనూనె మరక.

నాకు వెంటనే అందులో లెక్క కనబడింది.
మాస్టార్లకి అదో జబ్బు,
ఏడుపులోనైనా హరించగల అంకె ఉందేమోనని చూస్తాం.

బోర్డు మీద రాశాను:
రెండు విమానాశ్రయాల మధ్య దూరం
సుమారు పన్నెండు వందల యాభై కిలోమీటర్లు.
వేగం గంటకు ఏడువందల యాభై.
కాలమెంత?

(ఆ వేగం నేనెరిగింది కాదు.
బొబ్బిలి నుంచి కళింగపట్నం దాకా
బస్సులో వచ్చినవాణ్ణి,
అదీ సగం దూరం నిలబడి.)

నలభై తలకాయలు వంగాయి.
కిటికీ అవతల లైటుహౌసు,
దాని వెనక సముద్రం, తనకేమీ పట్టనట్టు.

గంటా నలభై నిమిషాలు, అన్నారంతా.
"కాదండి" అంది హారతి.

"మాయమ్మకి ఏడో నెల్లోనే నొప్పులొచ్చీసినాయండి.
బోటు నడిసంద్రంలో ఉంటే
వైర్‌లెస్సులో సెప్పినారంట.
ఒడ్డుకి రావడానికే రెండ్రోజులండి.
వెరావల్ కాణ్ణించి రాత్రంతా బస్సు.
ఏ గుమ్మంలోంచి ఎల్లాలో తెలీక
ఇమానాలకాడ ఆరు గంటలు
బయటే నిలబడిపోనాడండి."

నేను సుద్దముక్కతో కూడుతూ పోయాను.
విశాఖలో దిగాక సిటీ బస్సు, కాంప్లెక్సు,
శ్రీకాకుళం బస్సు, ఆసుపత్రి మెట్లు,
గాజుపెట్టెలో పిల్లాణ్ణి
అద్దం ఇవతల నుంచి చూడటానికి
నర్సమ్మ రమ్మనేదాకా మరో గంట.

ఇంతా ఎగిరి వచ్చినవాడు
కూతురికి చెప్పింది ఒక్కటే మాట.
లోతుని బారల్లో కొలిచే మనిషి కదా,
ఇక్కడికి కిందకి ఎన్ని బారలుంటాదని
పక్క సీటాయన్ని అడిగాడట.
ఆయన చెవుల్లో తీగలు.
కాసేపటికి కిందకి వంగింది విమానం,
అద్దానికి అరచెయ్యి ఆనించి చూశాడు:
"మన సంద్రమేనమ్మా,
గానీ పైనుంచి సూస్తే పోటో పాటో తెల్డం లేదు."

"అంతేనా?" అన్నాను, సుద్ద దులుపుకుంటూ.

"ఇంకా ఉందండి.
టికెట్టు ఎనిమిదివేల నాలుగొందలు.
సేటు ఇచ్చినాడు గానీ జీతంలో కోసీసుకుంటాడంట.
నెలకి పద్నాలుగు వేలండి."

ఈసారి కూడింది ఆమే.
నెలకి ముప్పై రోజులు వేసి,
కొట్టివేతలు లేకుండా, గీత గీసి, కింద రాసింది:
పద్దెనిమిది రోజులు.

సూత్రం తప్పు. ప్రమాణాలు వేరు.
దూరం బై వేగం అని నేనే నేర్పాను.
ఎర్ర పెన్ను మూత తీసి
చాలాసేపు పట్టుకుని కూచున్నాను.
గంట కొట్టారు.
తర్వాతి పీరియడు సోషల్ టీచరు
ఆ మూడు రోజుల్నీ ఆ పద్దెనిమిది రోజుల్నీ
ఒక్క డస్టరుతో తుడిచేసి
భారతదేశపు పటం వేలాడదీశారు.

పన్నెండో రోజున దానయ్య తిరిగెళ్ళాడు,
జనరల్ బోగీలో, తలుపు దగ్గర తువ్వాలు పరుచుకుని.
తిరుగుదూరం ఎంతని
ఆ లెక్క నేనివ్వలేదు.

పిల్లాడు బతికాడు.
రేషను కార్డులో తేజేశ్వరరావు.
ఊరంతా పిలిచేది మాత్రం ఇమానం.
వలలు బాగుచేసే చోట
దారాల మధ్య పాకుతూ
ఎండుచేప తలకాయ నోట్లో పెట్టుకుంటాడు.

అందుకే మా వైపు, సాయంత్రాలు,
"ఒరే ఇమానం!" అని ఎవరైనా కేకేస్తే
ఆకాశంలోకి ఎవ్వరూ చూడరు.
ఇసకలోకి చూస్తారు.